ఎండోమెట్రియోసిస్‌లో గర్భం: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు

ఏ ఇబ్బందీ లేని జంటకు ఒక్కో నెలలో గర్భం నిలిచే అవకాశం 15 నుంచి 20 శాతం. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉండి చికిత్స తీసుకోనివారిలో అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని అంచనా. ఈ అంకెల్ని నెల లెక్కలోంచి ఏడాది లెక్కలోకి మార్చి చూడండి. నెలకు 18 శాతం అవకాశం ఉన్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి వందకు 90 మంది నెల తప్పుతారు. నెలకు 5 శాతమైతే 46 మంది. 2 శాతమైతే 22 మంది. నెలలు గడిచేకొద్దీ మిగిలినవాళ్లలో అవకాశం ఇంకా తగ్గుతూ వస్తుంది కాబట్టి ఇది కాస్త ఆశావహమైన లెక్కే, అయినా తేడా ఎంతో తెలియడానికి సరిపోతుంది.

'మీకు పిల్లలు పుట్టరు' అనడానికి ఈ జబ్బు పేరొక్కటే చాలదు. ఇది ఉన్నవారిలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం రావడంలో ఇబ్బంది ఎదురవుతుంది. మిగిలినవాళ్లలో కొందరికి జబ్బున్న సంగతే తెలియకుండా పిల్లలు పుట్టేస్తారు. ఇబ్బంది ఎదురైనవాళ్లకు మాత్రం వ్యవహారమంతా కాలంతోనే. ఎన్ని నెలలు ఆగితే నష్టం లేదు, ఎప్పుడు దాటితే చేతిలో ఉన్న అండాలు తరిగిపోతాయి? ఆపరేషన్ ముందా, ఐవీఎఫ్ (పిండాన్ని ప్రయోగశాలలో తయారుచేసి గర్భాశయంలో పెట్టడం) ముందా అనే వాదన కూడా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

అడ్డం పడేది ఎక్కడ

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, గర్భాశయానికి పేగుకి నడుమ పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి పొత్తికడుపులోకి కారడం వల్ల ఇది మొదలవుతుందని శాంప్సన్ అనే వైద్యుడు 1920ల్లో ప్రతిపాదించారు. అలా వెనక్కి కారడం దాదాపు 90 శాతం స్త్రీలలో జరుగుతుంది. జబ్బు వచ్చేది పిల్లలు పుట్టే వయసువారిలో సుమారు 10 శాతానికే. వెనక్కి కారిన కణాలను శరీరం శుభ్రం చేసుకోలేకపోవడం, వంశపారంపర్యం, హార్మోన్లకు కణాలు స్పందించే తీరు, ఇవన్నీ కలిస్తేనే అవి పాతుకుంటాయి.

జబ్బుకి మూడు రూపాలు. పొర మీద పైపైన ఉండే మచ్చలు మొదటిది. అండాశయంలో పాత రక్తం గూడుకట్టి ఏర్పడే చాక్లెట్ సిస్టు రెండోది. 5 మిల్లీమీటర్లకు మించి లోపలికి చొచ్చుకుపోయే లోతైన గడ్డలు మూడోది. ఒకే మనిషిలో మూడూ ఉండొచ్చు. గర్భానికి ఒక్కోటి ఒక్కో చోట అడ్డం పడుతుంది.

ముందు ట్యూబు సంగతి. ట్యూబు చివర చేతివేళ్లలాంటి మెత్తటి కుచ్చు ఉంటుంది. అండం విడుదలయ్యే సమయానికి ఆ కుచ్చు అండాశయం మీదికి వాలి, దాని మీద పాకుతూ అండాన్ని లోపలికి లాక్కుంటుంది. ఈ పని జరగాలంటే కుచ్చు స్వేచ్ఛగా కదలాలి, అండాశయం తన చోట ఉండాలి. ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చే వాపు మానే క్రమంలో పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అండాశయం గర్భాశయం వెనక్కి జరిగి అక్కడే అంటుకుపోతుంది, కుచ్చు ముడుచుకుంటుంది. ఎక్స్‌రేలో ట్యూబు తెరుచుకునే ఉన్నట్టు కనిపిస్తుంది, రిపోర్టులో అన్నీ నార్మలే. కానీ అండాన్ని అందుకునే చెయ్యి మాత్రం కట్టేసి ఉంది. 'ట్యూబులు బాగానే ఉన్నాయన్నారు, మరి ఎందుకు రావడం లేదు' అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

రెండోది, పొత్తికడుపులో ఉండే కొద్దిపాటి ద్రవం. జబ్బు ఉన్నవారిలో ఆ ద్రవంలో వాపు కలిగించే రసాయనాలు, మాక్రోఫేజులు అనే రక్షక కణాలు పెరుగుతాయి. వీర్యకణాలు ఈదే శక్తి తగ్గుతుంది, అండం నాణ్యత మీద, ట్యూబు కదలిక మీద ప్రభావం పడుతుంది. పైపైన నాలుగు మచ్చలే ఉన్నవారికి కూడా గర్భం ఆలస్యం కావడానికి దీన్నే ముఖ్య కారణంగా చూస్తున్నారు.

మూడోది అండాశయం. చాక్లెట్ సిస్టు లోపల పాత రక్తంలోని ఇనుము చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలాన్ని దెబ్బతీస్తుంది, అండాల నిల్వ మామూలు కంటే త్వరగా తరుగుతుంది. నాలుగోది గర్భాశయమే. ప్రొజెస్టరాన్ హార్మోన్ చెప్పిన మాట లోపలి పొర సరిగా వినకపోవడం, దానికి తోడు గర్భాశయ కండరంలోకే కణజాలం చొరబడే అడినోమయోసిస్. ఈ రెండో జబ్బు చాలామందిలో జంటగా ఉంటుంది, పిండం అతుక్కునే అవకాశాన్ని తగ్గించి గర్భస్రావాల ముప్పు పెంచుతుంది. స్కాన్‌లో దీని కోసం ప్రత్యేకంగా చూడమని అడగకపోతే తప్పిపోవడం మామూలే.

ఇక ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. కలయికలో లోతుగా నొప్పి ఉంటే జంటలు తెలియకుండానే దూరం జరుగుతారు. నెలకు రెండుసార్లు మాత్రమే కలిసి, అదీ అండం విడుదలయ్యే రోజులు తప్పితే, ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకదు. అండం విడుదలకు ముందు ఐదు రోజులు, విడుదలైన రోజు, మొత్తం ఆరు రోజులే లెక్కలోకి వస్తాయి. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. అండం విడుదలను ముందుగా పసిగట్టేందుకు మూత్రంతో చేసే ఎల్‌హెచ్ కిట్‌లో గీత పడ్డాక 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. నొప్పికి వాడే మాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి నెలసరి మొదటి రోజుల్లో వేసుకుంటే ఫరవాలేదు. అండం విడుదలయ్యే రోజుల్లో వరుసగా వేసుకుంటే ఫాలికల్ (అండం పెరిగే నీటిసంచి) పగలకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో పారాసెటమాల్ నయం.

స్టేజీ చూసి బెంబేలు పడనక్కర్లేదు

లాపరోస్కోపీ (కడుపులోకి కెమెరా గొట్టం పంపి చేసే ఆపరేషన్) తర్వాత చేతికిచ్చే కాగితం మీద స్టేజీ 1 నుంచి 4 వరకు ఏదో ఒకటి రాసి ఉంటుంది. మచ్చలకు, సిస్టులకు, అతుకులకు పాయింట్లు వేసి, 1 నుంచి 5 వస్తే మొదటి స్టేజీ, 6 నుంచి 15 రెండు, 16 నుంచి 40 మూడు, 40 దాటితే నాలుగు అంటారు. ఇది క్యాన్సర్ స్టేజీలాంటిది కాదు. నొప్పి ఎంత ఉంటుందో చెప్పదు, గర్భం వస్తుందో రాదో కూడా సరిగ్గా చెప్పదు.

గర్భం సంగతి చెప్పేందుకు 2010లో ఆడమ్సన్, పాస్తా అనే ఇద్దరు వేరే కొలమానం తయారుచేశారు. దాన్ని ఈఎఫ్ఐ (ఎండోమెట్రియోసిస్ ఫర్టిలిటీ ఇండెక్స్) అంటారు, 0 నుంచి 10 వరకు మార్కులు. వయసు 35 లేదా అంతకు లోపైతే 2, 36 నుంచి 39 అయితే 1, ఆపైన సున్నా. గర్భం కోసం ప్రయత్నిస్తున్న కాలం మూడేళ్లు దాటకపోతే 2, దాటితే సున్నా. ఇంతకు ముందు ఒకసారైనా గర్భం వచ్చి ఉంటే 1. ఆపరేషన్ ముగిసేసరికి ట్యూబు, కుచ్చు, అండాశయం ఏ మేరకు పనిచేసేలా ఉన్నాయో సర్జన్ ఒక్కోదానికి 0 నుంచి 4 వేస్తారు. కుడివైపు మూడింటిలో తక్కువది, ఎడమవైపు మూడింటిలో తక్కువది తీసుకుని కూడతారు. ఆ మొత్తం 7 లేదా 8 అయితే 3 మార్కులు, 4 నుంచి 6 అయితే 2, అంతకన్నా తక్కువైతే సున్నా. జబ్బు మచ్చల పాయింట్లు 16 లోపుంటే 1, స్టేజీ పాయింట్లన్నీ కలిపి 71 లోపుంటే మరో 1.

ఇద్దరిని ఊహించుకుని లెక్క వేద్దాం. ఒకామెకు 31 ఏళ్లు, రెండేళ్లుగా ప్రయత్నం, పెద్ద చాక్లెట్ సిస్టుతో నాలుగో స్టేజీ. వయసుకి 2, కాలానికి 2. ఆపరేషన్ తర్వాత ఎడమవైపు కనిష్ఠం 1, కుడివైపు 3, కలిపి 4 కాబట్టి 2 మార్కులు. మచ్చల పాయింట్లు 16 దాటాయి, సున్నా. మొత్తం 71 లోపే, 1. వెరసి 7. ఇంకొకామెకు 40 ఏళ్లు, నాలుగేళ్లుగా ప్రయత్నం, మొదటి స్టేజీ, అవయవాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వయసుకి సున్నా, కాలానికి సున్నా, అవయవాలకు 3, చివరి రెండింటికీ చెరో 1. వెరసి 5. కాగితం మీద 'నాలుగో స్టేజీ' అని ఉన్నామెకే సహజంగా గర్భం వచ్చే అవకాశం ఎక్కువ.

9, 10 మార్కులు వచ్చినవారిలో మూడేళ్లలో ఐవీఎఫ్ లేకుండా గర్భం దాల్చేవారు సుమారు 70 శాతం. మరీ అడుగున ఉన్నవారిలో 10 శాతం దగ్గర. ఈ లెక్కలో భర్త వీర్యం, గర్భాశయంలోని అడినోమయోసిస్ కలవవు. ఆ రెండూ బాగున్నాయనుకుంటేనే ఈ మార్కులకు విలువ. ఆపరేషన్ అయినవాళ్లు స్టేజీతో పాటు ఈ మార్కు కూడా రాసివ్వమని అడగొచ్చు, వేయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

దారి ఎంచుకునే ముందు చేతిలో ఉండాల్సినవి

మొట్టమొదట వీర్య పరీక్ష. భార్యకు ఎండోమెట్రియోసిస్ అని తేలగానే భర్తను పరీక్షకు పంపడం మానేసే ఇళ్లు తక్కువేమీ కాదు. ఏడాది తర్వాత వీర్యంలో లోపం బయటపడితే పోయిన ఏడాది తిరిగి రాదు. రెండు నుంచి ఏడు రోజుల విరామంతో ఇచ్చిన నమూనాలో మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు.

తర్వాత యోని మార్గం గుండా చేసే స్కాన్. చాక్లెట్ సిస్టు అందులో మసకగాజు పలకలా ఒకే తీరు బూడిదరంగులో కనిపిస్తుంది. రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్' అనే మాట అదే. రెండు అండాశయాలూ గర్భాశయం వెనక ఒకదానికొకటి అంటుకుని ఉంటే 'కిస్సింగ్ ఓవరీస్' అని రాస్తారు. వినడానికి ముచ్చటగా ఉన్నా అతుకులు తీవ్రంగా ఉన్నాయనడానికి అది గుర్తు. స్కాన్ చేస్తూ గర్భాశయాన్ని మెల్లగా కదిపి, అది వెనకున్న పేగు మీద జారుతోందో లేదో కూడా చూడాలి. జారకపోతే ఆ చోటు మూసుకుపోయిందని అర్థం. లోతైన జబ్బుంటే కిడ్నీలనూ ఒకసారి స్కాన్ చేయించాలి, ఎందుకంటే మూత్రనాళాన్ని నొక్కేసిన గడ్డ నొప్పి లేకుండానే కిడ్నీని పాడుచేయగలదు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. పైపై మచ్చలు స్కాన్‌కు అందవు. సీఏ-125 రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చడం కుదరదు.

అండాల నిల్వకు ఏఎంహెచ్ రక్తపరీక్ష, స్కాన్‌లో చిన్న ఫాలికల్స్ లెక్కింపు. ఏఎంహెచ్ తక్కువ వచ్చిందంటే ఇంజెక్షన్లకు అండాలు తక్కువ వస్తాయని అర్థం. ఆ నెలలో సహజంగా గర్భం రాదని కాదు, అండం నాణ్యత గురించి అది చెప్పేదీ ఏమీ లేదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా తీస్తే అంకె ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. ట్యూబులకు ఎక్స్‌రేతోనో, ద్రవం పంపి స్కాన్‌తోనో పరీక్ష చేస్తారు. ఇవన్నీ ఒక నెలసరి చక్రంలో ముగించొచ్చు. మూడు నాలుగు నెలలు సాగదీయాల్సిన పనేమీ లేదు.

నెలలు తినేసే మాత్రలు

డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర, గర్భనిరోధక మాత్రలు, నెలకోసారి వేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్, ఇవన్నీ నొప్పికి బాగా పనిచేస్తాయి. ఎలా పనిచేస్తాయంటే అండం విడుదలను ఆపి, జబ్బు కణజాలానికి ఈస్ట్రోజెన్ అందకుండా చేసి. అవి వాడినన్నాళ్లూ గర్భం రాదు. ఆపాకైనా అవకాశం పెరుగుతుందా అంటే, లేదనే ఇన్నేళ్ల పరిశోధనలూ చెబుతున్నాయి. యూరోపియన్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భం వచ్చే అవకాశం పెంచడం కోసం ఈ మందులు రాయొద్దని సూటిగానే ఉంది. ఆపరేషన్ తర్వాత గర్భం కోసమని ఇచ్చే హార్మోన్లకూ ఇదే వర్తిస్తుంది.

అయినా 'ముందు ఆరు నెలలు ఇవి వాడి జబ్బును ఎండగడదాం, తర్వాత పిల్లల సంగతి చూద్దాం' అనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. 27 ఏళ్ల అమ్మాయికి దానివల్ల పెద్దగా పోయేదేమీ లేదు. 37 ఏళ్లామెకు ఆ ఆరు నెలలు చాలా ఖరీదైనవి. నొప్పికి వాడటం వేరు, గర్భం కోసం వాడటం వేరు. మందు చీటీ అందుకునేటప్పుడే 'ఇది నొప్పికా, గర్భానికా' అని అడిగేస్తే గొడవ ఉండదు. ప్రత్యేక ఆహారాలు, మూలికలు, నిర్విషీకరణ పేరుతో అమ్మే పొడులు కూడా గర్భావకాశాన్ని పెంచుతాయని రుజువు లేదు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు మాత్రం ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే అవసరం, అది బిడ్డ వెన్నుపాము కోసం.

కత్తి పట్టే ముందు

మొదటి రెండు స్టేజీల్లో లాపరోస్కోపీ చేసి మచ్చలను తీసేస్తే లాభం ఉందా అన్నదానికి 1997లో వచ్చిన కెనడా పరిశోధనే ఇప్పటికీ ఆధారం. 341 మందిని రెండు గుంపులుగా చేసి, ఒకరికి చూసి వదిలేశారు, ఒకరికి మచ్చలు తీశారు. 36 వారాల్లో గర్భం వచ్చి 20 వారాలు దాటినవారు తీసిన గుంపులో సుమారు 31 శాతం, వదిలేసిన గుంపులో 18 శాతం. ఇటలీలో జరిగిన చిన్న పరిశోధనలో ఆ తేడా కనిపించలేదు. మొత్తం మీద చూస్తే లాభం ఉంది, కానీ ఒక మోస్తరే. వేరే కారణానికి లాపరోస్కోపీ చేస్తున్నప్పుడు మచ్చలు కనిపిస్తే అప్పుడే తీసేయడం సబబు. ఏ లక్షణమూ లేనివారికి మచ్చలున్నాయేమో వెతకడానికే ఆపరేషన్ చేయడం అంత సబబు కాదు. ఒకప్పుడు లాపరోస్కోపీ లేనిదే జబ్బును నిర్ధారించేవారు కాదు, ఇప్పుడు ఆ నియమం లేదు.

అసలు చిక్కంతా చాక్లెట్ సిస్టు దగ్గర వస్తుంది. సిస్టెక్టమీలో, అంటే సిస్టును ఒలిచి తీసే ఆపరేషన్‌లో, ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. కెమెరా గొట్టంతో లోపలికి వెళ్లి, అతుక్కున్న అండాశయాన్ని విడదీస్తుండగానే సిస్టు పగిలి చిక్కటి గోధుమరంగు ద్రవం బయటికొస్తుంది. దాన్ని పీల్చేసి కడిగాక, రెండు పట్టకార్లతో సిస్టు గోడను ఒకవైపు, అండాశయాన్ని ఇంకోవైపు పట్టుకుని ఎదురెదురుగా లాగుతారు, నారింజ తొనమీది పొర ఒలిచినట్టు. మొదట్లో పొర సులువుగానే వస్తుంది. అండాశయానికి రక్తనాళాలు వచ్చి చేరే మొదలు దగ్గరికి వెళ్లేకొద్దీ పొరకీ కండకీ మధ్య హద్దు చెరిగిపోతుంది. అక్కడ గట్టిగా లాగితే సిస్టు గోడతో పాటు అండాలున్న మంచి కణజాలం కూడా ఊడివస్తుంది. ఒలిచిన చోట రక్తం కారుతుంది, దాన్ని ఆపడానికి కరెంటుతో కాలిస్తే పక్కనున్న అండాలూ కాలిపోతాయి. అందుకే అనుభవమున్న సర్జన్లు కాల్చడం తగ్గించి కుట్లు వేస్తారు, ఒలిచే ముందు రక్తనాళాలు కుంచించుకుపోయే మందు ఎక్కిస్తారు, మొదలు దగ్గర పొరను కొంత వదిలి పైపైన మాత్రమే ఆవిరి చేస్తారు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఒకవైపు సిస్టు ఒలిచాక ఏఎంహెచ్ సగటున మూడో వంతుకు పైగా పడిపోతుంది. రెండువైపులా ఒలిస్తే ఇంకా ఎక్కువ, కొద్దిమందిలో నెలసరి ముందే ఆగిపోయే స్థితి కూడా వస్తుంది. రెండోసారి అదే అండాశయం మీద చేస్తే నష్టం మరింత. పోనీ సూదితో ద్రవం లాగేసి ఊరుకుంటే కొన్ని నెలల్లో సిస్టు మళ్లీ నిండిపోతుంది. సహజంగా గర్భం కోసం చూసేవారిలో లాగేయడం, కాల్చడం కంటే ఒలిచి తీయడమే మేలని పరిశోధనలు చెబుతాయి. ఐవీఎఫ్‌కు వెళ్లేవారి విషయంలో మాత్రం సిస్టు తీయడం వల్ల విజయావకాశం పెరగదు, అండాల సంఖ్య తగ్గుతుంది.

కాబట్టి ఎవరికి ఆపరేషన్ ముందు అంటే: వయసు తక్కువ, ఏఎంహెచ్ బాగుంది, వీర్యం బాగుంది, నొప్పి బాధిస్తోంది, సిస్టు ఒకవైపే. ఇలాంటివారికి ఆపరేషన్ చేసి సహజంగా ప్రయత్నించమనడం న్యాయం. 38 ఏళ్లు, రెండువైపులా సిస్టులు, ఇదివరకే ఒకసారి ఆపరేషన్, ఏఎంహెచ్ 1 కంటే తక్కువ. ఇలాంటివారిని మళ్లీ థియేటర్‌కు పంపేముందు పదిసార్లు ఆలోచించాలి. సిస్టు 4 సెంటీమీటర్లు దాటిందని ఆపరేషన్ చేసేసే పాత అలవాటుకు ఇప్పుడు కాలం చెల్లింది. సిస్టులో క్యాన్సర్ అనుమానం కలిగించే గట్టి భాగం కనిపించినా, అండాలు తీసే సూది వెళ్లే దారికి సిస్టు అడ్డంగా ఉన్నా, మూత్రనాళం గానీ పేగు గానీ మూసుకుపోతున్నా అప్పుడు ఐవీఎఫ్ కంటే ముందు ఆపరేషనే. నీరు నిండి ఉబ్బిన ట్యూబు ఉన్నా అంతే. ఆ నీరు గర్భాశయంలోకి కారుతూ ఐవీఎఫ్ విజయావకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది, ముందు ఆ ట్యూబును తీసేయాలి లేదా మూసేయాలి.

రెండువైపులా ఆపరేషన్ తప్పదనుకుంటే ముందే కొన్ని అండాలు తీసి గడ్డకట్టించి దాచడం ఒక దారి. ఇంకా పెళ్లి కాని, పిల్లల ఆలోచన లేని యువతులకు ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. తర్వాత చెప్పి లాభం లేదు.

ఆపరేషన్ అయ్యాక గర్భం ఎక్కువగా వచ్చేది మొదటి ఏడాదిలో. వైద్యులు ప్రయత్నించొచ్చని చెప్పిన మొదటి నెలసరి నుంచే మొదలుపెట్టాలి. ఆరు నెలలు, మహా అయితే ఏడాది. అప్పటికీ రాకపోతే మళ్లీ ఆపరేషన్ కాకుండా ఐవీఎఫ్ వైపు కదలాలి.

ఐయూఐ

ట్యూబులు తెరుచుకుని ఉండి, జబ్బు మొదటి రెండు స్టేజీల్లో ఉన్నవారికి ఐయూఐ, అంటే వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి, పనికొస్తుంది, అదీ అండాలు పెరిగే మందుతో కలిపి చేస్తేనే. 1997లో వచ్చిన ఒక పరిశోధనలో ఇంజెక్షన్లతో కలిపి చేసినప్పుడు ఒక్కో చక్రానికి బిడ్డ పుట్టే అవకాశం 11 శాతం ఉంటే, ఏమీ చేయనివారిలో 2 శాతం ఉంది. సాధారణంగా నెలసరి మూడో రోజు నుంచి ఐదు రోజులు లెట్రొజోల్ 2.5 లేదా 5 మిల్లీగ్రాములు ఇచ్చి, స్కాన్‌లో ఫాలికల్ 18 నుంచి 20 మిల్లీమీటర్లు వచ్చాక అండం విడుదలయ్యేలా చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేసి, 36 గంటల ప్రాంతంలో కడిగి శుద్ధి చేసిన వీర్యాన్ని గర్భాశయంలోకి పంపుతారు. మూడు పెద్ద ఫాలికల్స్ దాటితే కవలలు, ముగ్గురు పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ నెల వదిలేయడం మంచిది. మూడు, నాలుగు సార్లకు మించి చేస్తూ పోవడంలో అర్థం లేదు. మూడు, నాలుగు స్టేజీల్లో, కుచ్చు ముడుచుకుపోయినచోట ఐయూఐ చేయడమంటే గమ్యం దాకా దారి లేని బస్సు ఎక్కించడమే.

ఐవీఎఫ్

ఐవీఎఫ్ ట్యూబును, పొత్తికడుపు ద్రవాన్ని, అతుకులను మొత్తంగా తప్పించుకుని వెళ్తుంది. అండం అండాశయం నుంచి నేరుగా ప్రయోగశాలకు, పిండం ప్రయోగశాల నుంచి నేరుగా గర్భాశయంలోకి. తప్పించుకోలేనివి రెండే: అండాల సంఖ్య, గర్భాశయం.

నెలసరి రెండో రోజునో మూడో రోజునో ఇంజెక్షన్లు మొదలవుతాయి, రోజుకు 150 నుంచి 300 యూనిట్లు, 8 నుంచి 12 రోజులు. ఐదో ఆరో రోజు నుంచి అండం ముందే విడుదల కాకుండా ఆపే మందు కలుస్తుంది. ఫాలికల్స్ 17, 18 మిల్లీమీటర్లకు వచ్చాక ట్రిగ్గర్ ఇంజెక్షన్, సుమారు 36 గంటలకు సూదితో అండాలు తీయడం.

ఇక్కడ ఒక మామూలు లెక్క చూడాలి. 10 అండాలు వస్తే వాటిలో పక్వానికి వచ్చినవి 8 దాకా ఉంటాయి. ఫలదీకరణ చెందేవి 5 లేదా 6. ఐదో రోజు దాకా పెరిగి బ్లాస్టోసిస్ట్ అయ్యేవి 2 లేదా 3. అదే 4 అండాలే వస్తే? పక్వమైనవి 3, ఫలదీకరణ 2, చివరికి ఒక్క పిండం, లేదా అదీ ఉండదు. సిస్టు ఒలిచేటప్పుడు పట్టకారుతో పాటు ఊడివచ్చిన ఆ సన్నటి పొర ఖరీదు ఇక్కడ తెలుస్తుంది. మంచి పిండం తయారై గర్భాశయంలోకి చేరాక మాత్రం, ఒక్కో బదిలీకి బిడ్డ పుట్టే అవకాశం ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో ఇతరులకు దగ్గరగానే ఉంటుంది. అండాలు తక్కువ వచ్చేవారికి రెండు మూడు చక్రాల్లో తీసిన పిండాలను గడ్డకట్టించి పోగుచేసుకుని, తర్వాత ఒక్కొక్కటిగా పెట్టడం ఆనవాయితీ అవుతోంది.

అండాలు తీసేటప్పుడు చాక్లెట్ సిస్టును గుచ్చకుండా పక్క నుంచి వెళ్లాలి. గుచ్చుకుంటే లోపల చీము పట్టే ప్రమాదం ఉంది. అరుదే అయినా వస్తే మొండిది. సిస్టు ఉన్నవారికి ఆ సమయంలో యాంటీబయాటిక్ ఇవ్వడం అందుకే. తర్వాతి రోజుల్లో జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే ఫోన్‌లో మాత్ర అడిగి ఊరుకోకుండా వెళ్లి చూపించుకోవాలి. ఇంజెక్షన్ల హార్మోన్లతో జబ్బు ముదిరిపోతుందనే భయం చాలామందికి ఉంటుంది. పరిశోధనల్లో అలా చెప్పుకోదగ్గంతగా కనిపించలేదు.

అడినోమయోసిస్ ఉన్నవారిలో పిండాలను గడ్డకట్టించి, రెండు మూడు నెలలు అండాశయాలను నిద్రపుచ్చే ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ తర్వాత బదిలీ చేసే పద్ధతిని చాలా చోట్ల అనుసరిస్తున్నారు. ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఐవీఎఫ్‌కు ముందు ఈ ఇంజెక్షన్లు ఇచ్చేయడాన్ని 2022 మార్గదర్శకాలు సమర్థించలేదు. కాబట్టి మీకు ఎందుకిస్తున్నారో కారణం చెప్పించుకోవాలి. సొంత అండాలు పూర్తిగా తగ్గిపోయినవారికి దాత అండం మిగిలే దారి. గర్భాశయం బాగుంటే ఆ దారిలో ఫలితాలు మంచివే.

ఎన్ని నెలలు

35 ఏళ్ల లోపు, ట్యూబులు, వీర్యం, అండాల నిల్వ బాగుంటే ఆరు నెలలు సహజంగా ప్రయత్నించొచ్చు, ఏడాది దాకా సాగినా పెద్ద నష్టం లేదు. 35 దాటితే ప్రయత్నం మొదలుపెట్టిన రోజే పరీక్షలన్నీ ముగించి, ఆరు నెలలకు మించకుండా తర్వాతి మెట్టు ఎక్కాలి. 38 దాటినా, నిల్వ తగ్గినా, రెండు ట్యూబులూ చెడినా, వీర్యంలో లోపం కలిసినా మొదటి సంప్రదింపులోనే ఐవీఎఫ్ మాట రావాలి. ఎవరికైనా ఒక మెట్టు మీద ఎన్నాళ్లు ఉంటామో తేదీ ముందే రాసుకుంటే, నెలనెలా 'ఈసారి చూద్దాం' అనుకుంటూ రెండేళ్లు గడిచిపోవడం తప్పుతుంది.

నెల తప్పాక

ఈ జబ్బు ఉన్నవారిలో ట్యూబులో గర్భం నిలిచే ముప్పు కొంచెం ఎక్కువ, ఐవీఎఫ్‌తో వచ్చినా సరే. అందుకే ఆరు, ఏడు వారాల మధ్య స్కాన్ చేయించి గర్భం గర్భాశయంలోనే ఉందని నిర్ధారించుకోవాలి. ఒకవైపు నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ వారం దాకా ఆగకూడదు. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, మాయ కిందికి ఉండటం కూడా కాస్త ఎక్కువే. 20 వారాల స్కాన్‌లో మాయ ఎక్కడుందో ప్రత్యేకంగా చూపించుకోవాలి. ఐదో నెల తర్వాత ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వస్తే అది పొట్టలోపల రక్తస్రావం కావొచ్చు. చాలా అరుదు, కానీ నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన సందర్భం.

గర్భం వస్తే జబ్బు పోతుందనే మాట పాతదే. తొమ్మిది నెలలూ నెలసరి లేదు కాబట్టి కొందరికి నొప్పి తగ్గుతుంది, పాలిచ్చినన్నాళ్లు కూడా చాలామందికి తెరిపిగానే ఉంటుంది. నెలసరి తిరిగొచ్చాక నొప్పీ తిరిగి రావొచ్చు. రెండో బిడ్డ ఆలోచన వెంటనే లేకపోతే కాన్పు తర్వాత హార్మోన్ మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడే అడగాలి. గడ్డకట్టించిన పిండాలు మిగిలి ఉంటే వాటిని ఎన్నేళ్లు ఉంచుతారో, పునరుద్ధరణ తేదీ ఎప్పుడో కూడా ఆ రోజే కనుక్కుని ఫైల్లో రాసిపెట్టుకోవాలి.